మీటరాయన వద్దన్న ఇల్లు

మీటరాయన అంటే ఆ వీధుల్లో తెలియనివాళ్లు లేరు. ఆయన అసలు పేరు జీతం కాగితంలో ఉంటే ఉండొచ్చుగానీ, దాంతో ఎవరికీ పని పడలేదు. ముప్పై ఏళ్లుగా భుజాన సంచి, చెవి మీద పెన్ను, నెల తిరిగేసరికల్లా గేటు దగ్గర ప్రత్యక్షం. కరెంటు దొంగల్ని పట్టడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. ఇంట్లో ఫాను గిర్రున తిరుగుతూ, బయట మీటరు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుందంటే చాలు, ఆయన కళ్లు మెరిసేవి. వెంటనే సంచిలోంచి ఫిర్యాదు కాగితం బయటికొచ్చేది. ఎంతమంది పెద్దమనుషుల గుట్టు రట్టు చేశాడో లెక్కలేదు. మనిషి నిజాయితీపరుడే, అందులో వంక పెట్టడానికి లేదు. కాకపోతే తన కన్ను పొరపడదని గట్టి నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

కొంప అన్నాను కనక దాని సంగతీ చెప్పాలి. మూడో అంతస్తు, నెత్తిన పలచటి స్లాబు, పడమటి ఎండంతా వాళ్లదే. ముందుగదిలో ఆయన భార్య కుట్టుమిషను పెట్టుకుని పిల్లల గౌన్లు, చొక్కాలు, కిటికీ పరదాలు కుట్టేది. వేసవిలో మధ్యాహ్నం మూడయ్యేసరికి గోడ మీద చెయ్యి ఆనించలేం. ఫాను ఉన్న వేడినే తిప్పి తిప్పి మొహాన కొట్టేది. చెమట చుక్క బట్ట మీద పడి మరక అవుతుందని ఆమె మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకుని కుట్టేది. చలికాలం మరో బాధ. కిటికీ సందుల్లోంచి గాలి దూరి వేళ్లు కొంకర్లు పోతే, ఇస్త్రీపెట్టె దగ్గర కాచుకుని మళ్లీ సూది అందుకునేది. మధ్యాహ్నం పూట ఓ కునుకు తీయడమన్నది ఆమె మర్చిపోయి ఇరవై ఏళ్లయింది.

ఇదంతా చూసి ఆమె తమ్ముడికి మనసు చివుక్కుమనేది. అతను కరెంటు పనివాడు. వీధి చివర ఒక ఇంజనీరమ్మ ఆరు కొత్తరకం ఇళ్లు కడుతుంటే అందులో వైరింగు చేస్తున్నాడు. ఒకరోజు పరుగెత్తుకొచ్చాడు.

“బావా, ఒక్క ఇల్లు మిగిలింది. ఆ ఇల్లు ఏడాదిలో ఎంత కరెంటు వాడుతుందో అంతా పైకప్పు మీది సోలారు పలకలే చేసిపెడతాయి. ఎండలో మిగిలింది వీధి లైనులోకి వెళ్తుంది, చీకటిపడ్డాక కావలసింది అక్కణ్ణుంచే వస్తుంది. గోడల్లో దళసరి పొర పెట్టారు, వేడి లోపలికి రాదు. కిటికీలకి రెండేసి అద్దాలు. ఈ ఇల్లు అమ్మి, నీ దగ్గరున్నది కలిపితే సరిపోతుంది. అక్కని ఒకసారి తీసుకురా.”

వెళ్లారు. మండే ఎండలో, మిట్టమధ్యాహ్నం. లోపల అడుగుపెట్టగానే ఆమె ఆగిపోయింది. గోడ మీద అరచెయ్యి ఆనించి, నమ్మకం కుదరక రెండో చెయ్యి కూడా ఆనించింది.

“ఏమండీ, చూడండి! గోడ చల్లగా ఉందండీ!”

తర్వాత ఉత్తరం వైపు కిటికీ దగ్గరికెళ్లి, మెడలోని టేపు తీసి కొలిచింది. మిషను సరిగ్గా పడుతుంది. పక్కన బట్టలు మడతపెట్టుకోవడానికి బల్ల కూడా.

అంతసేపూ మీటరాయన ఏం చేస్తున్నాడు? ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ వేసి, ఫాన్లు, నీళ్ల మోటారు నడుస్తుండగా బయటికి ఉరికి మీటరు ముందు నిలబడ్డాడు. వాడకం అంకె కదల్లేదు. ఇంటి నుంచి బయటికి వెళ్లే కరెంటుకి వేరే అంకె ఉంటుంది బావా, అది చూడు అని బావమరిది మొత్తుకుంటూనే ఉన్నాడు. వింటేగా!

“ముప్పై ఏళ్లుగా చూస్తున్నానురా. కదలని మీటరంటే దొంగ మీటరే. నాకు పాఠం చెప్తావా నువ్వు?”

మర్నాడు పొద్దున్నే ఫిర్యాదు రాసి పడేశాడు. తనిఖీవాళ్లు జీపు వేసుకుని వచ్చారు. ఇంజనీరమ్మ కాగితాలన్నీ చూపించి, పలకలు చూపించి, అందరికీ టీ కూడా ఇచ్చి పంపింది. ఆఫీసులో పెద్దసారు మీటరాయన్ని పిలిచి, పదిమంది ముందు అడిగాడు: “ఏమయ్యా, సూర్యుడి మీద కేసు పెట్టమంటావా?” ఆ నవ్వు నెల్లాళ్లు ఆగలేదు.

ఇంజనీరమ్మ మాత్రం ఏమీ మనసులో పెట్టుకోలేదు. మీ అక్క కోసం నెలాఖరుదాకా ఇల్లు అట్టే పెడతానని బావమరిదితో కబురు పంపింది. భార్య రెండుసార్లు అడిగింది. “నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసిన ఇంట్లో నేను కాలు పెట్టను” అన్నాడు మీటరాయన. ఆమె మూడోసారి అడగలేదు. ఆ ఇల్లు ఒక బడి పంతులమ్మ కొనుక్కుంది.

ఇక చూడండి అవస్థ. ఆ వీధి ఆయనదే కనక, ఆ గేటు దగ్గర నెలనెలా రీడింగు రాయాల్సింది ఆయనే. రెండు లెక్కలు చూపే మీటరు గురించి ఆఫీసువాళ్లు ఒకపూట కూర్చోబెట్టి నేర్పించారు కూడా. తీసుకున్నది ఎంత, ఇచ్చింది ఎంత. మబ్బుపట్టిన నెలల్లో కాస్త ఎక్కువ తీసుకునేది, ఎండాకాలంలో అంతకంతా తిరిగి ఇచ్చేసేది. బావమరిది చెప్పినట్టే ఏడాదికి లెక్క సరిపోయేది. మూడేళ్లలో ముప్పై ఆరుసార్లు, తను తప్పని తన చేత్తోనే రాశాడు. ఇంటికెళ్లి ఆ మాట ఒక్కసారి కూడా నోరు విప్పి చెప్పలేదు.

పోయిన వేసవిలో భార్య మిషను మీదే కళ్లు తిరిగి పడిపోయింది. వేడిలో కూర్చుంటే మళ్లీ ఇదే గతి అన్నాడు డాక్టరు. పొద్దున పదింటికల్లా మిషను మూసేయమన్నాడు. పదింటిదాకా కుడితే ఎన్ని బట్టలవుతాయి? అడిగేవాళ్లు ఒక్కొక్కరే వేరేచోటికి మళ్లారు. ఈ వేసవి మొదట్లో వచ్చిన పెద్ద పని ఒక్కటే, పంతులమ్మగారింటి పరదాలు. ఇదయ్యాక మిషను అమ్మేద్దామని భార్య అంది.

పరదాల మూట బరువని ఆయనే మోసుకొచ్చాడు. ఆమె లోపల పరదాలు తగిలిస్తుంటే, మొహం చెల్లక వరండాలోనే కూర్చున్నాడు. గంట గడిచింది. పంతులమ్మ మెల్లగా తలుపు తీసి బయటికొచ్చింది.

“అన్నయ్యగారూ, వదినగారు నిద్రపోయారండీ. నేను మంచినీళ్లు తెచ్చేలోపే కన్నంటుకుంది. లేపనా?”

“వద్దమ్మా. లేపకు.”

మూడేళ్ల తర్వాత ఆ ఇంట్లో కాలు పెట్టాడు. భార్య గోడకి జారగిలబడి, టేపు మెడలో ఉండగానే, నోరు కొంచెం తెరుచుకుని పసిపిల్లలా నిద్రపోతోంది. నుదుటి మీద చెమట చుక్క లేదు. పెళ్లయిన కొత్తల్లో చూశాడేమో ఆ మొహాన్ని అలా. ఉత్తరపు కిటికీ దగ్గర, మిషను పట్టాల్సిన చోట, పిల్లల పరీక్ష పుస్తకాలు దొంతరగా పెట్టి ఉన్నాయి. ఆయన నేల మీద చతికిలబడ్డాడు. ఎవరి దొంగతనమో పట్టుకోవాలని ముప్పై ఏళ్లు తిరిగాడు. ఈమె నిద్ర ఎవరు ఎత్తుకుపోయారో ఇప్పుడు తెలిసింది. ఆయనకి ఏడుపొచ్చింది, పంతులమ్మ చూడకుండా మొహం తిప్పుకున్నాడు.

నాలుగింటికి ఆమె ఉలిక్కిపడి లేచింది. “అయ్యో, ఎంతసేపైందండీ? లేపొచ్చు కదా!” అంటూ గబగబా సూదులు ఏరుకుంది. పంతులమ్మకి పదిసార్లు క్షమించమని చెప్పింది.

గడప దాటబోతూ ఆగి, గోడ మీద అరచెయ్యి ఆనించింది. ఆరోజు ఆనించిన చోటే. ఆయన ఎదురుచూశాడు.

చివరికి ఆయనే అడిగాడు. “చల్లగా ఉంది కదూ?”

ఆమె చెయ్యి తీసేసి, టేపు చుట్టి సంచిలో వేసుకుంది.

“ఇప్పుడెందుకులెండి. పదండి, మనింట్లో పడమటి కిటికీ మూయడం మర్చిపోయాను.”