వాసవాంబ బోణీ

మత్తిగిరిలో వాసవాంబ అంగడి తెల్లారకముందే తెరుచుకుంటుంది. తెరిచినా వీధిలోంచి మనిషన్నవాడు రాడు. ఆ వీధిలో పెద్దవాళ్ళకు ఆఫీసు ఇంట్లోనే, పిల్లలకు బడీ ఇంట్లోనే. ఏం తక్కువైందో ఫ్రిజ్జే చూసుకుని ఆర్డరు పెట్టేస్తుంది. చక్రాల పెట్టెలు వాటంతటవే బిలబిలా వచ్చి అంగడి ముందు నిలబడతాయి. ఆమె సరుకు వేస్తే గడపలకు మోసుకుపోతాయి. ఎదురింట్లో ఏ పప్పు వండుకుంటారో వాసవాంబకు తెలుసు. వాళ్ళ మొహాలు మాత్రం తెలియవు.

ఒక్క విషయంలో ఆమె మొండిఘటం. మొదటి బేరం మనిషి చేతి నుంచి పడాల్సిందే. అంతవరకు పెట్టెల్లో ఉప్పురాయి కూడా వేయదు. రోజూ పశువుల ఫారం దగ్గరనుంచి మారెమ్మ వచ్చి వక్కాకు కొని బోణీ చేసేది. ఆ రోజు ఆమె లేదు. కూతురి కాన్పుకని పోచంపల్లి పోయింది.

పెట్టెలు వరసకట్టి కీచుకీచుమంటున్నాయి. ఇంకొక్కసారి సరుకు వేయడం పొద్దున ఏడు దాటితే జాబితాలోంచి అంగడిని తీసేస్తామని పెట్టెలు నడిపే కంపెనీ ఎప్పుడో చెప్పేసింది. భర్త బద్రీనాథ్‌కు కాళ్ళు నిలవడం లేదు.

"వేసెయ్యవే, నీకు దండం పెడతా. తెంచేస్తారే!"

"తెంచుకోనీండి. బోణీ లేకుండా వేస్తే నేను గోడౌన్లో కూలిదాన్ని. అంగడిదాన్ని ఎట్లయితాను?"

అప్పుడొచ్చాడు అరవింద్. నిక్కరు, రేగిన జుట్టు, వెలుతురుకు చిట్లించిన కళ్ళు.

"పాలు యాడమ్మా? ఇంకా కాపీ తాగలా నేను!"

"ఏ ఇల్లప్పా నీది?"

"ఎదురు మేడ. మూడో అంతస్తు."

"ఓ, చెనిక్కాయల చిక్కీ నువ్వేనా! అన్ని పొట్లాలు తిని ఇంత బక్కగా ఉండావే!"

అరవింద్‌కు కోపం నిలవలేదు, నవ్వేశాడు. బోణీ చెయ్యమంటే ఫోను తీసి నొక్కాడు. "ఇదో, పంపించేసినా."

"అది బోణీ కాదప్పా. చేత్తో ఇయ్యాల."

"నోట్లు యాడుండాయి నా దగ్గిర?"

"పోయి వెతుక్కో."

"ఫోన్లోదే తీసుకోవే మహాతల్లీ!" అని బద్రీనాథ్ మొత్తుకున్నాడు. వాసవాంబ స్టూలు మీదనుంచి కదల్లేదు.

పాత సంచిలో దొరికిన పది నోటుతో అరవింద్ పరుగెత్తుకొచ్చేసరికి ఏడు దాటి, పెట్టెల మీద ఎర్ర దీపాలు వెలిగాయి. అన్నీ ఒక్కసారే తిరిగి, ఖాళీగా వెళ్ళిపోయాయి. వాసవాంబ నోటు కళ్ళకద్దుకుంది.

"నీ చెయ్యి మంచిదప్పా."

"మంచిదా? ఉన్నదంతా ఊడ్చిపెట్టింది!" అన్నాడు బద్రీనాథ్.

పాలప్యాకెట్ చంకలో పెట్టుకుని అరవింద్ అక్కడే నిలబడి కబుర్లేసుకున్నాడు. కాసేపటికి ఆకలి తట్టుకోలేక మేడలన్నీ ఒక్కొక్కటే కిందికి దిగాయి. పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఒకరి పేరొకరు అడిగి తెలుసుకున్నారు.

కంపెనీ మర్నాడే ఇంకో అంగడిని పట్టుకుంది. సగంమంది దానికే పోయారు. రాబడీ సగమైంది. మిగిలిన సగం మాత్రం చెప్పులేసుకుని వస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఒకామె పెరుగు పులిసిందని పోట్లాడుతోంది, వాసవాంబ అంతకు రెట్టింపు గొంతేసుకుని హాయిగా ఎదురు అరుస్తోంది, లోపలినుంచి బద్రీనాథ్, "మెల్లిగా అరవండమ్మా, తూకం తప్పుతా ఉండాను" అంటున్నాడు.