ఎడమ పక్క కుట్టు

కోయిలకుంట్లలో ముప్పై ఏండ్లుగా ఆడోళ్ళకు జాకెట్లు కుడతాండా. నా టేపు తప్పిందని ఇంతవరకు ఎవురూ అనలేదు. అనేంత ధైర్యం ఎవురికుండాది, నా నోరు అట్లాంటిది. "నువ్వు తిని ఒళ్ళు పెంచి నా టేపును అంటావేమ్మే?" అని తగులుకుంటా. ఆ పొగరు వల్ల ఒక బిడ్డకు ఏం జరిగిందో చెప్పుకోవల్లనే ఇది రాస్తాండా.

మా వీధి చివరింట్లో ఒక పాప ఉండాది. ఇరవై రెండేండ్లు. కర్నూలులో హాస్టల్లో ఉండి బీఎడ్ చదువుతాండె. అమ్మానాయనా శనగ పండించుకుని బతికేటోళ్ళు. ఆ పాపకు మొదటి గౌను కుట్టిందీ నేనే, పెద్దమనిషైనప్పుడు లంగా ఓణీ కుట్టిందీ నేనే. ట్రైనింగులో బడికి పోయి పాఠాలు చెప్పేదానికి చీరే కట్టుకోవల్లంట, దానికని ఒకేసారి ఆరు జాకెట్లు కుట్టించుకునింది.

అవి ఇచ్చిన నెలకే ఒకటి పట్టుకుని వచ్చె. "అక్కా, ఎడమ పక్క పట్టేసినట్టుండాది" అనింది.

నాకు తిక్క లేచె. "ఏం పెడతాండారే నీకు హాస్టల్లో, ఒక పక్కకే కొవ్వు పట్టేదానికి?" అంటి. ఎంత తిట్టినా ఎదురు జవాబిచ్చి నవ్వే పిల్ల, ఆ పొద్దు నవ్వలేదు. "సరే, ఆది జాకెట్ పెట్టి పో, చూస్తా" అంటి. ఆది అంటే ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు. దాన్ని పరుచుకుని కొత్తదానికి కొలత తీసుకుంటాము. ఇప్పుడు ఒంటి మీద టేపు పెట్టించుకునేటోళ్ళు తక్కువ, పెండ్లికాని పిల్లలైతే అసలే పెట్టించుకోరు, సిగ్గు. ఆ పాప మాత్రం "వద్దక్కా, ఒంటి మీదనే కొలువు" అనింది.

తలుపేసి కొలిస్తి. నా పుస్తకంలో రాసుకున్న కొలతే వచ్చె. "చూసినావా, నాదేం తప్పు లేదు" అంటి. గుండుసూది పెట్టేటప్పుడు బొటనవేలికి ఏదో గట్టిగా తగిలె, చింతగింజంత. లోపలి బాడీ కుట్టేమోలే అనుకుంటి. పాప నా మొగమే చూస్తాండె. నేను గుడ్డను చూస్తాంటి. ఎందుకొచ్చిన పేచీ అని పక్క కుట్టు విప్పి, అర అంగుళం వదిలి, మల్లా మిషనేసి ఇస్తి.

మూడు నెల్లకు మల్లా వచ్చె. అదే జాకెట్టు, అదే పక్క. ఈసారీ ఆది తేలేదు. ఈసారి చింతగింజ కాదు, రేగ్గాయంత ఉన్నింది. గుడ్డ మీద నుంచే తెలిసె. అడుగుదామనుకుంటి. వీధిలో అందరినీ కడిగేసే నోరు, ఆ పొద్దు పెగల్లేదు. వాళ్ళింట్లో అప్పుడు సంబంధాలు చూస్తాండ్రి. కుట్టే ఆమె పాప ఒంట్లో ఏదో చూసిందంట అని ఒక మాట పుట్టిందంటే ఇంగ అయిపాయె. అట్లని నాకు నేనే సర్దిచెప్పుకుంటి. పైకి మాత్రం "లావైతాండావు, అన్నం తగ్గించు" అంటి. లోపల మిగిలిన అర అంగుళం గుడ్డా విప్పి వదులు చేసిస్తి.

పరీక్షలైపోయినాక చంకలో కూడా గడ్డ తేలింది. ఎడమ చెయ్యి ఎత్తలేక అప్పుడు వాళ్ళమ్మకు చెప్పింది. కర్నూలుకు తీసుకుపోతే సూది పెట్టి, ముక్క తీసి, చూసి, రొమ్ము క్యాన్సరన్నారు. వాళ్ళమ్మ మా అంగడి అరుగు మీద కూలబడి, "ఇంత చిన్న బిడ్డకు అది వస్తుందామ్మా? పెద్దోళ్ళకు కదా వచ్చేది?" అని నన్నడుగుతాండె. నేనూ అట్లనే అనుకునేదాన్ని. చిన్న వయసులో వచ్చేది తక్కువేనంట, అందుకే ఎవురూ అనుమానపడరంట, వస్తే మాత్రం శానా జోరుగా పెరిగేదుంటుందంట. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే వచ్చింటే బాగుండేదని డాక్టరమ్మ అనిందంట. అది చిన్నగా ఉన్నప్పుడు నా చేతి కిందనే ఉన్నిందని వాళ్ళమ్మకు చెప్పలేకపోతి.

ఇప్పుడు మందులెక్కిస్తాండారు. మూడు వారాలకొక మారు తల్లీబిడ్డా కర్నూలు బస్సెక్కుతారు. గడ్డ తగ్గితే ఆపరేషన్ చేస్తామన్నారు. బతుకుతుందా అని వాళ్ళమ్మ అడిగితే, చూద్దాం అంటాండారంట.

పోయిన వారం పాపను చూసేదానికి పోతి. సూదులేసేదానికి వీలుగా ఉంటాయని ముందర గుండీలు పెట్టి రెండు నూలు చొక్కాలు కుట్టుకొని పోయినా. నెత్తికి గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చోనుండె. కనుబొమ్మలు కూడా లేవు. వాళ్ళమ్మ టీ పెట్టేదానికి లోపలికి పోయె. పాప నేనిచ్చిన చొక్కా ఎత్తి చూసి, "వదులుగా కుట్టినావే అక్కా, నా మీద ఇంత దయ ఎప్పుడొచ్చె?" అని నవ్వింది.

నేనింగ ఆగలేకపోతి. "పాపా, ఆ పొద్దు నా చేతికి తగిలింది. రెండు మార్లూ తగిలింది. నేను నోరెత్తలేదు" అనేస్తి. తిడుతుందనుకుంటి. తిడితే బాగుండుననుకుంటి.

తిట్టలేదు. చొక్కాను మడత పెడతా మెల్లగా చెప్పింది. "నాకు అంతకు ముందే తెలుసక్కా. నీళ్ళు పోసుకునేటప్పుడు తగిలింది. అమ్మకు చెప్దామంటే సంబంధాల గోల. నాయనకు ఏమని చెప్పేది? డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే పోయేదానికి భయం. నా ఒంటి మీద చెయ్యి పెట్టేది నువ్వొక్కదానివే. నీకు తగిలిందంటే నువ్వు గమ్మునుండవు, అరిచి, అమ్మను పిలిచి, ఆ పొద్దే ఆసుపత్రికి ఈడ్చుకుపోతావు అనుకుంటి."

ఆ పాపే నా చెయ్యి పట్టుకునింది.

"నీ కొలత తప్పలేదులే అక్కా. మొదటి మారు తెచ్చినప్పుడు ఆ జాకెట్టు నాకు బాగానే సరిపోతాండె."