కడిగి కడిగి చెడగొట్టిన టీ కణాలు

ఆ రోజుల్లో నాకు శుభ్రత పిచ్చి బాగా ఉండేది. అమీర్‌పేట హాస్టల్లో నా గ్లాసును నేనే మూడుసార్లు కడుక్కునేదాన్ని (రూమ్మేట్లు 'ఫినాయిల్ అక్క' అనేవాళ్లు). ఆ పిచ్చిని పంజాగుట్టలో కొత్తగా చేరిన ల్యాబుకూ మోసుకెళ్లాను. అక్కడ నా పని, రక్తంలోంచి, ఒంటిని కాపాడే తెల్లకణాల్లో ఒక రకమైన టీ కణాలను వేరుచేసి వాటిమీద సూపర్ యాంటిజెన్ వెయ్యడం. కొన్ని సూక్ష్మజీవులు వదిలే విషం అది. మామూలు శత్రువు వస్తే ఏ కాసిని టీ కణాలో లేస్తాయి. ఇది వస్తే గుంపులు గుంపులుగా లేచి ఒంటికే ముప్పు తెస్తాయి. ఈ విషానికి అవి ఎలా, ఎంతగా రెచ్చిపోతాయన్నదే మా ప్రశ్న. సోమవారం సెమినార్లో ఫలితం చూపించకపోతే ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేస్తానని మా సార్ ముందే చెప్పేశారు.

రక్తం నాదే. ప్లేటుకు అంటుకుపోయే మాక్రోఫేజులనే పెద్ద కణాలను వదిలేసి, బి కణాలనే ఇంకో రకాన్ని విడదీసి, కడిగి కడిగి ముత్యాల్లాంటి టీ కణాలు తీశాను. విషం వేశాను. కణాలు పెరిగితే, వాటికి మేతగా పోసిన గులాబీ రంగు ద్రవం పసుపుపచ్చ అవ్వాలి. మూడు రోజులైనా దాని రంగు మారలేదు. గురువారం సాయంత్రం విషం సీసాను తిడుతూ కూర్చున్నాను.

"ఏమైందమ్మా, గట్ల కూసున్నవ్?" అన్నాడు అన్న. అందరం అన్న అనే పిలిచేవాళ్లం. ల్యాబు సామాను కడిగి, కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు చూసుకునే మనిషి, సిరిసిల్ల నేతవాళ్ల ఇంటివాడు.

"విషం పాడైపోయినట్టుందన్నా."

"విషం మంచిగనే ఉన్నది. నువ్వే మస్తు కడిగినవ్. గా ప్లేటుకు అంటుకున్నోళ్లు విషాన్ని పట్టుకొని చూపిస్తెనే గదా వీళ్లు లేచేది? మా నాయన సుత చెప్తుండె, ఎంత తెల్లటి నూలైనా గంజి పెట్టకుంటె మగ్గం మీద తెగుతదని."

రెండు డిగ్రీలు చదివినదాన్ని. పుస్తకంలో ఆ వాక్యం కింద ఎర్రగీత కూడా గీసినదాన్ని! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"అవన్నీ పారేశాను కదన్నా," అన్నాను ఏడుపు గొంతుతో.

"ఫికర్ చెయ్యకు." ఇంక్యుబేటర్ కింది అరలోంచి రెండు ప్లేట్లు తీశాడు. ఒకదాంట్లో నా మాక్రోఫేజులు, ఇంకోదాంట్లో నా బి కణాలు. "పారేద్దామని బల్ల మీద పెట్టినవ్. నాకు మనసొప్పలే." రోజూ వాటికి మేత మార్చి, మూత మీద నా పేరు కూడా రాసిపెట్టాడు!

మిగిలిన టీ కణాలకు వాటిని విడివిడిగా కలిపి మళ్లీ విషం వేశాను. ఆదివారం పొద్దున్నే షేర్ ఆటోలో పరుగెత్తుకెళ్తే, సెలవు రోజైనా అన్న నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. మాక్రోఫేజులున్న ప్లేటు గుంటలు నిండు పసుపుపచ్చ. బి కణాలున్నవి కాస్త రంగు తిరిగి ఆగాయి. నేను మొదట పెట్టిన ఒట్టి టీ కణాల గుంటలు మాత్రం అదే గులాబీ.

సెమినార్లో సార్ కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఏమీ కలపని గుంటలు కూడా పోలిక కోసం పెట్టావే, మంచి ఆలోచన," అన్నారు.

"అది ఆలోచన కాదండీ, నా తప్పు. కణాలు కలపాలన్న ఆలోచన మన ల్యాబు అన్నది," అన్నాను. అందరూ నవ్వారు. ప్రాజెక్టు నాకే మిగిలింది. "నా ముచ్చట ఎందుకు తెచ్చినవమ్మా?" అని అన్న కోప్పడ్డాడు కానీ, ఆ రోజు చాయ్ బండి దగ్గర ఆ కథ రెండుసార్లు చెప్పాడట. అంతటి మనిషి దగ్గర నేను నేర్చుకున్నది ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు.

ఇప్పుడు నా ల్యాబులో చేరిన పిల్లలు ఏదైనా పారెయ్యబోతే, నాకు తెలియకుండానే "జర ఆగమ్మా" అంటాను. మా గోదావరి యాసలో ఆ 'జర' అస్సలు అతకదని నవ్వుతారు. నవ్వనివ్వండి. అన్న దగ్గర అంటుకున్న మాట అది, ఈ ఫినాయిల్ అక్క ఎంత కడిగినా పోలేదు.