కబ్ద్‌లో తువాలు కింద డీజిల్ బేరం

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడేనాటికి నేను కువైట్‌లో, కబ్ద్ ఎడారిలో ఒక గొర్రెల దొడ్డికి మేస్త్రీని. మేస్త్రీ అంటే కాపరుల మీద పెద్ద. సంతకు పొట్టేళ్లను తోలి బేరం కుదిర్చేదీ నేనే. ఆ రోజుల్లో అక్కడ సంతన్నదే జరగలేదని ఈమధ్య ఒకాయన పత్రికలో రాశాడు. జరిగింది. నేనే జరిపాను. నన్ను అడిగితే కదా.

మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సౌదీకి పారిపోతూ, గొర్రెలు నీ ఇష్టం, ప్రాణాలు కాపాడుకోండి అన్నాడు. ఐదుగురం మిగిలాం. హాఫ్ లారీ ఉంది, డీజిల్ లేదు. నీళ్ల ట్యాంకరు రావడం మానేసింది. జోర్డాన్ సరిహద్దు చేరాలంటే ఎనిమిది డబ్బాల డీజిలన్నా కావాలి.

అప్పుడు మాంసం కోసం ఒక ఇరాకీ హవల్దారు సిపాయిలను వెంటేసుకుని వచ్చాడు, బండి నిండా డీజిల్ డబ్బాలతో. ఇరవై పొట్టేళ్లు కావాలన్నాడు. తుపాకి చూపి తోలుకుపోవచ్చు. కానీ మందల్లో పెరిగినవాడట. బేరమాడకుండా తెచ్చిన మాంసం ఒంటికి పట్టదన్నాడు. నాకు గౌరవం కలిగింది. నాలుగు డబ్బాలిస్తానన్నాడు. గౌరవం పోయింది.

నాకు వచ్చిన అరబ్బీలో మా రాయచోటి సంత పద్ధతి వివరించాను. ఇద్దరి చేతుల మీద తువాలు కప్పాలి. ఎన్ని వేళ్లు పడితే అంత ధర. పైకి మాట్లాడకూడదు. ముందు చెయ్యి వదిలినవాడు అక్కడికి ఒప్పుకున్నట్టే. సిపాయిల ముందు సరేనన్నాడు.

ఐదు వేళ్లూ కలిపి పట్టానో లేదో, కిసుక్కున నవ్వి చెయ్యి లాక్కున్నాడు. మనిషికి గిలిగింతలు. ఐదు డబ్బాలు. సిపాయిలు పగలబడ్డారు. హవల్దారుకు రోషం వచ్చి, మళ్లీ పట్టమన్నాడు. ఈసారి ఐదుకు ఓర్చుకున్నాడు, ఇంకో రెండు వేళ్లకు ఆగలేకపోయాడు. ఏడు. ఎంత ఓర్చుకుంటే అంత నష్టపోతున్నానని అతనికి తట్టలేదు.

మళ్లీ అన్నాడు. మా లారీ డ్రైవరు ఖాదర్ బాషా నా చొక్కా లాగాడు. "చాలన్నా. వాని నడుముకు తుపాకి ఉండాది, నీకు కానరాలేదా?"

"ఒక్క డబ్బా తక్కువరా. ఎడారిలో బండి నిలబడితే నువ్వు తోస్తావా?"

మూడోసారి హవల్దారు మీసం కొరుక్కుంటూ కళ్లు మూసుకున్నాడు. ఎనిమిది దాటింది. నాకది చాలు, కానీ నేను వదిలితే ఓడినట్టు. ఎత్తుకున్న బేరం ఎక్కాల్సిందే. పది దగ్గర అతను ఇసుకలో కూలబడి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఖలాస్ అన్నాడు.

పది డబ్బాలూ దించాడు. ఈ గుడ్డలో ఏదో మందుందని తువాలు మాత్రం జప్తు చేశాడు. ఆ యుద్ధంలో నా దగ్గర పట్టుబడిన ఆయుధం అదొక్కటే. సరిహద్దు చేరాక కూడా డీజిల్ మిగిలింది. తల తుడుచుకోవడానికే గుడ్డ లేదు.

బేరగాడికి మొహం రాయిలా ఉండాలని సంతల్లో చెబుతారు. అది సగమే. గిలిగింతలు పుట్టకుండా అరచెయ్యి కూడా కాయకాచి ఉండాలి. మందల్లో పెరిగితే చాలదు, ఆ పని మానకుండా చెయ్యాలి.