పగులు మీద అంటించిన కాగితం

ఈ సాయంత్రం మా వీధిలో పక్క కాలవ కోసం మున్సిపాలిటీ వాళ్ళు కొలతలు తీసుకున్నారు. ఉక్కు టేపు సర్రుమంటూ డబ్బీలోకి వెనక్కి పోయిన చప్పుడు కిటికీలోంచి వినబడగానే బీరకాయ తరుగుతున్న నా చేయి ఆగిపోయింది. ఆ చప్పుడు రాజ్యలక్ష్మిగారిది. పాప నిద్రపోయాక ఆవిడ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

గుంటూరులో పెదకాకాని వైపు వెళ్ళే రోడ్డు పక్క వీధిలో మేము అద్దెకున్న ఇంటికి ఎదురిల్లు ఆవిడది. కాలవల ఆఫీసులో ఇంజనీర్లు గీసిన ప్లాన్లకు పల్చటి కాగితం మీద సిరాతో నకళ్ళు తీసే ఉద్యోగం ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. గొంతు పెద్దది. వీధంతా ఆవిణ్ణి పిన్నిగారు అనే పిలిచేది. నేను మాత్రం కాపురానికి వచ్చిన రెండేళ్ళలో ఆవిడతో రెండు మాటలైనా మాట్లాడి ఉండను. డిగ్రీ చదివాను కానీ కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే భయం.

పాపకు ఆరో నెల వచ్చినప్పుడు ఇంటాయన ఇల్లు అమ్ముతానన్నాడు. మిర్చి వ్యాపారి ఒకాయన ఇల్లు పడగొట్టి గోడౌన్ కట్టుకుంటానని సిద్ధంగా ఉన్నాడు. "మీరు కొనుక్కుంటానంటే నెలాఖరు దాకా ఆగుతానమ్మా, ఆపైన నా చేతుల్లో లేదు" అన్నాడు ఇంటాయన. బ్యాంకు లోను ఇవ్వాలంటే ముందు వాళ్ళ ఇంజనీరు వచ్చి ఇంటి విలువ కట్టాలి. మావారి ఉద్యోగం ఒంగోలులో, ఆదివారాలే వచ్చేవారు. కాబట్టి ఆ పని నా మీద పడింది.

ఇంజనీరు వస్తున్నాడంటే నేను చేసిన ఏర్పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇల్లు కడిగి ముగ్గు పెట్టాను. పెసరట్టు, ఉప్మా చేశాను. పడగ్గది గోడకు ఒక పొడవాటి పగులు ఉండేది, దాని మీద పెద్ద దేవుడి క్యాలెండరు తగిలించాను. ఆయన పెసరట్టు ముట్టలేదు. వెనక గది తలుపు తియ్యమన్నాడు. అందులో ఇంటాయన తమ్ముడి మిరపకాయ బస్తాలున్నాయి, తాళంచెవి పెదకాకానిలో ఆయన దగ్గర ఉంది. దస్తావేజులో హద్దులు చదివి తూర్పున గడ్డివాము దొడ్డి ఎక్కడని అడిగాడు. అక్కడ ఎస్టీడీ బూత్ ఉంది. చివరికి క్యాలెండరు ఎత్తి చూశాడు. ఆ తరువాత ప్రతి తలుపు వెనకా, ప్రతి బీరువా వెనకా తొంగి చూడటం మొదలుపెట్టాడు. "ఇవన్నీ తేలాక కబురు చెయ్యండి. నాకు మళ్ళీ వీలు కుదరాలి" అని వెళ్ళిపోయాడు.

గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే పిన్నిగారు వీధి దాటి వచ్చారు.

"ఏమ్మాయ్, పెసరట్టు పెట్టావంటగా! ఇల్లేమన్నా పెళ్ళిచూపులకు కూర్చుందా?"

నాకు ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆవిడ పళ్ళెం దగ్గరికి లాక్కుని ఆ పెసరట్టు తింటూనే ఏం జరిగిందో మొత్తం చెప్పించుకున్నారు. తరువాత లేచి, క్యాలెండరు తీసి పక్కన పెట్టి, పగులును వేలితో పైనుంచి కింది దాకా తడిమారు.

"నల్లరేగడి మీద కట్టిన ఇళ్ళు ఇట్టాగే నోళ్ళు తెరుస్తయ్. ఇది పాతదో, ఇంకా పెరుగుతోందో తేలాలి. మైదా పిండి ఉందా?"

పిండి ఉడికించి ఇచ్చాను. పగులుకు అడ్డంగా మూడుచోట్ల సన్నటి కాగితం ముక్కలు అంటించి, మీద తేదీ వేశారు. గోడ కదిలితే కాగితం చిరుగుతుందట.

"చిరిగితే?" అన్నాను.

"చిరిగితే నువ్వీ ఇల్లు కొనకూడదు. బిడ్డను పడుకోబెట్టే గది."

అప్పటిదాకా ఇల్లు పోతుందనే భయపడ్డాను. కొనకూడని ఇల్లు కావచ్చని తోచనే లేదు.

మర్నాటినుంచి ఆవిడ నన్ను కూర్చోనివ్వలేదు. ఇంటాయనకు ఫోన్ చేయించి తాళంచెవి తెప్పించారు, బస్తాలు గోడకు దూరంగా జరిపించారు. తన ఉక్కు టేపు రెండో కొస నాకిచ్చి, "బిగించి పట్టుకో. వదులుగా పట్టుకుంటే ఇల్లు పెరుగుద్ది, మనం అబద్ధాలకోర్లమవుతాం" అన్నారు. హద్దుల కోసం పాపను చంకనేసుకుని నాలుగు వైపులా తిరిగాం. తూర్పు వైపు ఎస్టీడీ బూత్ ముసలాయన గొంతు మాకంటే ముందు వీధిలోకి వచ్చింది.

"నా దొడ్డితో మీ బ్యాంకుకేం పనమ్మా?"

"నీ దొడ్డి ఎవరిక్కావాలి బాబాయ్, మీ నాన్న పేరు కావాలి," అన్నారు పిన్నిగారు.

ఒక్కో హద్దుకీ దస్తావేజులోని పాత పేరు, ఇప్పటి పేరు పక్కపక్కన రాశాను. ఆవిడ ఇంటి ప్లాను గీశారు. వాటితో ఇంజనీరు ఆఫీసుకు నన్నొక్కదాన్నే పంపుతూ, "చూశాడు కదా అని ఊరుకోకు, పగులు సంగతి ముందు నువ్వే చెప్పు. మనం చెప్తే ఒక్క పగులే. మొన్నట్లా అతను కనిపెడితే, ఇంకెన్ని దాచారో అని ఇల్లంతా వెతుకుతాడు. పొద్దంతా దానికే పోద్ది," అన్నారు.

చెప్పాను. అన్నిటికంటే ముందు అదే చెప్పాను. ఆయన ప్లాను అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నీ సిద్ధంగా ఉంటే గురువారం పొద్దున్నే అటు వస్తున్నాను, ముందు మీ ఇంటికే వస్తా" అన్నాడు.

ఆ గురువారం దాకా రోజూ నిద్ర లేవగానే గోడ దగ్గరికే వెళ్ళేదాన్ని. కాగితాలు అంటించి గురువారానికి తొమ్మిదో రోజు. మూడు కాగితాలూ చెక్కుచెదరలేదు. ఆయన టార్చి వేసి చూశాడు, తేదీ చదివాడు. "ఇవెవరు అంటించారు?" అన్నాడు. పిన్నిగారు గుమ్మంలోంచే, "మేమేనండి, నేనూ ఈ అమ్మాయీ," అన్నారు. మా కొలతల్లో నాలుగు సరిచూసుకుని, ముప్పావుగంటలో పని ముగించాడు. నెలాఖరుకు రెండు రోజుల ముందు ఇల్లు మాదైంది.

పిన్నిగారు నిరుడు చలికాలంలో, ఒంగోలులో తన చెల్లెలి ఇంట్లో కన్నుమూశారు. ఎంత ధైర్యం నూరిపోసినా నేను ధైర్యవంతురాలిని కాలేదు. కీడెంచడం నా స్వభావం, ఇప్పటికీ పాపకు ఒళ్ళు వెచ్చబడితే రాత్రంతా పక్కనే కూర్చుంటాను. మొన్న జూన్‌లో దాన్ని బడిలో చేర్చడానికి వెళ్ళాం. అది కొత్తవాళ్ళ ముందు నోరు విప్పదు. అంతకుముందు వారమంతా పద్యాలు వల్లె వేయించాను. హెడ్‌మిస్ట్రెస్ గదిలో కూర్చోగానే, ఆవిడ ఏదీ అడగకముందే, "మా పాప కొత్తవాళ్ళతో మాట్లాడదండీ. అలవాటు కావడానికి నెలో రెండు నెలలో పడుతుంది. ఇంట్లో బాగా మాట్లాడుతుంది," అనేశాను. మావారు ఉలిక్కిపడి నా వైపు చూశారు.

ఆవిడ చేతిలోని బొమ్మల పుస్తకం మూసేసి, "అయితే ఇవాళ ఏమీ అడగనులే తల్లీ. కిటికీ పక్కన కూర్చుంటావా?" అంది.

పాప తలూపింది.