బొట్టు పెట్టుకున్న ఫ్లాపీ

రాజలింగం చదివిన పుస్తకాలు సున్నా. మోసిన పుస్తకాలకు మాత్రం లెక్కలేదు.

బొంబాయిలో గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒక కాలేజీ లైబ్రరీలో అతను టెంపరరీ ప్యూను. ఇక్కడ లేని పుస్తకం వేరే కాలేజీ నుంచి తేవాలి, వాళ్లడిగింది ఇక్కణ్ణుంచి ఇచ్చి రావాలి. భుజాన సంచీ, జేబులో రైలు పాసు. తాతల కాలంలో పాలమూరు నుంచి ఇటుకలు మోయడానికి వచ్చి కామాటిపురలో స్థిరపడ్డ వంశం. మనవడి దాకా వచ్చేసరికి ఇటుకలు పుస్తకాలయ్యాయి గానీ, బరువేం తగ్గలేదు.

ఎనభై ఎనిమిదిలో పెద్దలకొక మంచి బుద్ధి పుట్టింది. రాష్ట్రంలోని కాలేజీ లైబ్రరీలన్నీ ఏకం కావాలట. ఎవరి దగ్గర ఏ పుస్తకముందో అందరి కంప్యూటర్లలోనూ కనబడాలట. నీది నాది పోయి అంతా మనది కావాలట! లైబ్రేరియన్ పరాంజపే సార్ మీటింగులో ఈ మాట చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. అలమరాల తాళంచెవులు జంధ్యానికి కట్టుకుని తిరిగే మనిషి ఆయన.

ఈ సంగతి విని రాజలింగం భార్య మల్లవ్వ పెదవి విరిచింది. “అన్ని ఆ డబ్బాలనే కనబడ్తె నీతోని ఏం పని? చూస్కో, అది నీ నౌక్రీకే ఎసరు పెడ్తది.”

రాజలింగానికీ అదే భయం పట్టుకుంది. పర్మనెంట్ చేస్తామంటూ ఏళ్లు గడిపేశారు. ఇప్పుడీ ఉన్నదీ పోతే, వర్లి కాలేజీలో బి.ఏ. చదువుతున్న కూతురు భూదేవి చదువు ఆగిపోతుంది. వాళ్లుండే చాల్‌లో, ఆ ఇరుకు గదుల వరసల్లో, అంతదాకా చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే.

తీరా చూస్తే, ఆ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటే ఇంకా కాలేదు! కాలేజీలోని పుస్తకాల పేర్లన్నీ ఫ్లాపీ అనే పలచని నల్ల అట్టలోకి ఎక్కించి, రాష్ట్రమంతటికీ ఒకే పట్టిక తయారుచేసే పెద్దాఫీసుకు మనిషి చేత పంపాలి. ఏ మనిషి చేత? ఇంకెవరు, మన రాజలింగమే. పోయిందనుకున్న ప్రాణం లేచొచ్చింది అతనికి. “వంచకు, తడపకు” అని పరాంజపే సార్ మరీ మరీ చెప్పి పంపాడు. రాజలింగం వెళ్లేసరికి పెద్దాఫీసు మూసేశారు, మర్నాడు దసరా సెలవు. ఫ్లాపీ ఇంటికొచ్చింది.

దసరా నాడు పనిముట్టుకు పూజ చేయకుండా వాళ్లింట్లో ముద్ద ముట్టరు. తాత వాడిన తాపీని కడిగి ఏటా బొట్టు పెడతారు. ఈసారి దాని పక్కన ఫ్లాపీని కూడా పెట్టాడు రాజలింగం.

“తడపొద్దన్నడు గద సారు?” అంది మల్లవ్వ.

“నేనేమన్న తానం పోస్తున్ననా? కూడు పెట్టేదానికి బొట్టు పెట్టకుంటె పాపం తగల్తది.”

బొట్టు ఎక్కడ పెట్టాలన్నదే ధర్మసందేహం. అట్టకు ఒకచోట సన్నని కిటికీ ఉంది, అందులోంచి లోపలి బిళ్ల నిగనిగలాడుతోంది. మొహం అదేనని తేల్చారు. పసుపు రాసి, కుంకుమ దిద్ది, జమ్మి ఆకు పెట్టి, “నా నౌక్రీ నిలబెట్టు తల్లీ” అని నోరారా మొక్కాడు.

తల్లి విన్నది. ఆమె వినే పద్ధతే వేరు.

పండగ మర్నాడు పెద్దాఫీసు యంత్రం ఆ ఫ్లాపీని మింగలేక కక్కేసింది. గడువు దాటిందని, ఈ కాలేజీ పేరు కింద ఖాళీ వదిలేసి పట్టికను రాష్ట్రమంతా పంపేశారు.

“అరే రాజలింగం, హే కాయ్ కేలంస్?” ఏం చేశావురా ఇది అని పరాంజపే సార్ నెత్తి కొట్టుకున్నాడు.

“దసరా గద సాబ్... పూజ చేసిన” అన్నాడు రాజలింగం.

సొరుగులో ఇంకో ఫ్లాపీ ఉందనీ, అది పంపాక నీ సంగతి చూస్తాననీ సార్ గర్జించాడు. అయితే ఈలోగా ఒక చిత్రం జరిగింది. ఎక్కడెక్కడి కాలేజీల పుస్తకాలో అడిగిందే తడవుగా ఇక్కడికి వస్తున్నాయి. ఇక్కణ్ణుంచి మాత్రం ఒక్కటీ కదలడం లేదు! పట్టికలో లేనివాటిని అడిగేదెవరు? సార్‌కు ఈ సహకారం బెల్లంలా రుచించింది. రెండో ఫ్లాపీ సొరుగులోనే ఉండిపోయింది, సొరుగు తాళంచెవి జంధ్యానికెక్కింది. ఏడాది తిరక్కుండానే, సార్ సిఫారసుతో రాజలింగానికి పర్మనెంట్ ఆర్డరు వచ్చింది.

“ఎవరడిగినా మన దగ్గర ఏ పుస్తకమూ లేదని చెప్పు. నోరు జారావో, ఆర్డరు వెనక్కి!” అన్నాడు సార్. రాజలింగం చాల్ అంతటా పాలకోవా పేడాలు పంచాడు. మల్లవ్వ ఆర్డరు కాగితానికీ బొట్టు పెట్టింది.

పరీక్షల ముందు ఒకరోజు భూదేవి దిగులుగా ఇంటికొచ్చింది.

“నాయినా, బంబయి కట్టిన కూలోళ్ల చరిత్ర మీద ఒక బుక్ కావాలె. మనోళ్ల గురించి గూడ ఉన్నదట అండ్ల. కంప్యూటర్ల రాష్ట్రమంత ఎతికిన్రు, ఏడ లేదన్నరు. మీ కాలేజ్ల ఏమన్న ఉన్నదా?”

ఉంది. పై అరలో, ఎర్ర అట్టది. ఆ పొద్దున్నే దుమ్ము దులుపుతూ పేరు చూశాడు. ఉందంటే బిడ్డ అడుగుతుంది. బిడ్డ అడిగితే వాళ్ల కాలేజీ అడుగుతుంది. వాళ్లడిగితే గుట్టు రట్టవుతుంది, నౌక్రీ పోతుంది, దాంతోపాటు బిడ్డ చదువూ పోతుంది. గుట్టుగా తెద్దామన్నా, అలమరా తాళంచెవి సార్ జంధ్యానికుంది.

“లేదు బిడ్డా.”

“గంతే అయితది తియ్యి” అంది భూదేవి చెప్పులు విప్పుతూ. “కంప్యూటర్ అబద్ధం చెప్తదేమోగని, నువ్వైతె చెప్పవు.”