బొగ్గు మీద పడిన నింద

పొద్దున మా బిడ్డ హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, తొమ్మిదో నెల పరీక్షలో ఏదో బ్యాక్టీరియా ఉన్నదన్నరు నాన్నా, నొప్పులప్పుడు సూది వేస్తే సరిపోతదట, ఫికర్ చెయ్యకు అని నవ్వుకుంటూ చెప్పి పెట్టేసింది. చెయ్యకంటే ఆగుతదా ఫికర్! అప్పటినుంచి టీ చల్లారింది, పేపరు మడత విప్పలేదు, ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

గోదావరిఖనిలో నాతోపాటు బొగ్గుబాయి దిగినవారికి నా కాలు ఎందుకు నిలవడంలేదో చెప్తే అర్థమవుతుంది. రాష్ట్రం రాకముందు మాట. మా ఇంటామెకు తొలి కాన్పు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ దూదిపుల్లతో పరీక్ష చేయించి, ఇది రోగం కాదు, ఆడవాళ్ల ఒంట్లో ఊరికే ఉండే క్రిమి, తల్లికేం కాదుగానీ పుట్టేటప్పుడు బిడ్డకు అంటితే ప్రాణం మీదికొస్తుంది, ఉమ్మనీరు పోగానే జల్ది రావాలె, కాన్పుకు కొన్ని గంటల ముందే సూది పడాలె అని చెప్పింది. మా అత్త కూడా పక్కనే ఉండి విన్నది.

కానీ కమాన్‌పూర్ దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసుకునే అత్తకు మా క్వార్టర్లో కనబడే మురికి ఒక్కటే, నా డ్యూటీ బట్టల బొగ్గు. ఎన్ని నీళ్లలో జాడించినా నల్లగానే కారే ఆ బట్టలు ఉతికి ఉతికి తన కూతురికి క్రిమి పట్టిందని తీర్మానించి, పురిటికి తన ఊరికి తోలుకుపోయింది. అక్కడ రోజూ వేపాకు నీళ్ల స్నానం, ఉతికి ఆరేసిన తెల్లచీరలు. కొన్నాళ్లకు పిల్ల నిగనిగలాడితే, బొగ్గే లేనికాడ ఇగ క్రిమి ఎక్కడిది అని మురిసిపోయింది. పాపం, అంతా ప్రేమే.

ఆ రోజు ఉమ్మనీరు పొద్దున్నే పోయిందట. నొప్పులు ముదరనీ, దవాఖానల ఊకె పండబెట్టుడు ఎందుకని అత్త ఇంట్లోనే ఉంచింది. నాకు కబురు షిఫ్టు దిగి పైకొచ్చాక అందింది. సూది పడ్డదో లేదో అన్న ఒక్క మాట బుర్రను తొలుస్తుంటే, స్నానం కూడా చెయ్యకుండా బొగ్గు బట్టలతోనే ఆటో ఎక్కాను. నేను పోయేసరికి ఆడపిల్ల పుట్టి గుక్కపట్టి ఏడుస్తోంది. నొప్పులు ముదిరి దవాఖానకు పోయిన కాసేపటికే కాన్పయిందట, సూదికి టైమే దొరకలేదు. అందరూ మిఠాయి పంచుకుంటుంటే నేను కూర్చోలేక, ఆ పసిదాని ఊపిరి వింటూ తలుపు దగ్గరే తచ్చాడాను.

తెల్లారేసరికి పాలు తాగడం మానేసి మూలగసాగింది. కరీంనగర్ తీసుకుపోయి అద్దాల పెట్టెలో పెట్టించినా దక్కలేదు. పేరైనా పెట్టకముందే పోయింది. మేమిద్దరం పెద్దది అనే తలుచుకుంటాం. రెండో కాన్పుకు నేనే ముందుండి వేళకు సూది వేయించాను కనుక ఇప్పటి బిడ్డ దక్కింది.

అత్త బతికినన్నాళ్లూ, నేను ఊరికి పోయినప్పుడల్లా పక్కన కూర్చొని, గొంతు తగ్గించి, "ఆ బొగ్గే గద కొడుకా?" అని అడిగేది. మొదట్లో కోపం నషాళానికి అంటేది. పోనుపోను ఆ కళ్లు చూడలేక, "అవునత్తా, బొగ్గే" అనేవాణ్ణి.

ఇప్పుడు ఆ బాయి మూతపడ్డది, అత్తా లేదు. దవాఖాన బల్లల మీద కూర్చున్న ఆడవాళ్లు ఆ క్రిమి సంగతి జలుబు సంగతంత తేలిగ్గా మాట్లాడుకుంటున్నారు. మంచికాలమే వచ్చింది. మా పెద్దది పోయాక వచ్చింది.